సైలెన్సర్ మారిస్తే కారు పికప్ పెరుగుతుందా? కొలిచి తేల్చుకునే పద్ధతి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా 1.2 లీటర్ల పెట్రోలు కారుకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక లావుపాటి సైలెన్సర్ బిగించుకున్నాను. స్టార్ట్ చేయగానే వచ్చిన ఆ బరువైన శబ్దానికే పడిపోయాను. కారు పరుగు కూడా పెరిగినట్టే అనిపించింది. పది రోజుల తర్వాత హైదరాబాద్ బయల్దేరాం. నందిగామ దాటేసరికి మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంది. సూర్యాపేటలో టీ తాగుతూ, "తిరుగు ప్రయాణం నేను బస్సులో వస్తా, మీరు మీ బండిలో రండి" అని చెప్పేసింది.

ఇంటికొచ్చాక ఒక ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో 40 నుంచి 80 వేగం అందుకోవడానికి ఎంతసేపు పడుతోందో స్టాప్‌వాచ్‌తో చూశాను. పాత సైలెన్సర్ తిరిగి పెట్టించి మళ్లీ చూశాను. వచ్చిన తేడా నా బొటనవేలు బటన్ నొక్కడంలో చేసే పొరపాటు కంటే తక్కువ. కారణం తర్వాత తెలిసింది, అది సైలెన్సర్‌లో లేనే లేదు. ఆ వెతుకులాటలో నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను. మీరు డబ్బు పెట్టేముందు ఒక ఆదివారం పొద్దున్న దీనికి కేటాయిస్తే చాలు.

ముందు దారి తెలుసుకోండి

మన దగ్గర ఇంజన్ నుంచి వెనక బంపర్ దాకా ఉన్న గొట్టం మొత్తాన్నీ సైలెన్సర్ అనేస్తాం. నిజానికి అందులో చాలా భాగాలున్నాయి. ఇంజన్‌కి ఆనుకుని, సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే మానిఫోల్డ్, దాని వెంటనే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (మెకానిక్కులు క్యాట్ అంటారు), ఇంజన్ ఊపు వెనక్కి పాకకుండా ముడతల ఫ్లెక్సిబుల్ పైపు, కారు నడుము కింద మధ్య పైపు, చాలా కార్లలో దాని మీద ఒక చిన్న రెజొనేటర్ డబ్బా, చివర పెద్ద డబ్బా. ఆ పెద్ద డబ్బాయే మఫ్లర్. ఇక్కడ నేను సైలెన్సర్ అన్నప్పుడల్లా దాన్నే అనుకోండి.

పొగ ఈ దారంతా వరసగా దాటాలి కాబట్టి, ఎక్కడ ఒక్కచోట బాగా ఇరుకైనా మిగతావి ఎంత వెడల్పుగా ఉన్నా లాభం లేదు. పొలానికి నీళ్లు పెట్టేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తూము దగ్గర చెత్త అడ్డుపడితే కింద బోదె వెడల్పు చేసి ఏం లాభం?

ఒక్క లెక్క వేసుకుందాం

లెక్కలంటే విసుగు పుట్టేవాళ్లు కింది భాగానికి వెళ్లిపోవచ్చు. కానీ షాపులో చెప్పే మాటల్లో ఏది నిజమో తేల్చేది ఈ లెక్కే.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. 1.2 లీటర్ల ఇంజన్ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కి ఉంటే, సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే సెకనుకు సుమారు 51 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. అదే గాలి కాలి, వేడెక్కి, ఉబ్బి వెనక పైపులోకి వచ్చేసరికి, అక్కడ వేడి 400 డిగ్రీలనుకుంటే, సెకనుకు దాదాపు 120 లీటర్లవుతుంది. లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లున్న పైపులో అది సెకనుకు 106 మీటర్ల వేగంతో, అంటే గంటకు 380 కిలోమీటర్లతో పరిగెత్తాలి. 51 మిల్లీమీటర్ల పైపులో ఆ వేగం సెకనుకు 59 మీటర్లకు, 63 మిల్లీమీటర్లలో 38 మీటర్లకు తగ్గుతుంది.

పైపు ఇచ్చే అడ్డు ఈ వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. కాబట్టి 38 నుంచి 51కి వెళ్తే అడ్డు మూడో వంతుకు దిగుతుంది. అక్కడి నుంచి 63కి వెళ్తే తగ్గేది మొదటిసారి తగ్గినదాంట్లో నాలుగో వంతే. పైగా కారు కింద చోటు సరిపోక వెనక ఇరుసు దగ్గర పైపు తగలడం, శబ్దం పెరగడం అదనం. నాకు బిగించింది ఈ మూడో రకమే.

ఇక సైలెన్సర్ వెనక్కి నెట్టే ఒత్తిడి, మెకానిక్కుల మాటలో బ్యాక్ ప్రెషర్, ఎంత పవర్ తింటుంది? పిస్టన్ పొగను బయటికి నెట్టేటప్పుడు ఒకటిన్నర పీఎస్‌ఐ (టైర్లలో గాలి ఒత్తిడి చెప్పే కొలమానమే) ఎదురొస్తే, పై ఇంజన్‌లో 6000 దగ్గర అది తినేది 600 వాట్లు. ఒక హార్స్‌పవర్ కూడా కాదు. దీనికితోడు సిలిండర్‌లో మిగిలిపోయిన పొగ కొత్త గాలికి చోటు తగ్గిస్తుంది. ఆ నష్టం కూడా కలుపుకున్నా, 80, 90 హార్స్‌పవర్ కారులో సైలెన్సర్ ఒక్కటి మార్చి రెండు మూడు హార్స్‌పవర్‌కు మించి రాబట్టడం కష్టమని నా అభిప్రాయం. అదీ ఇంజన్ పూర్తి అరుపులో ఉన్నప్పుడే. ఊళ్లో 2000 ఆర్‌పీఎం దగ్గర సగం కాలితో నడిపేటప్పుడు పొగ ప్రవాహం ఐదో వంతు కూడా ఉండదు, అడ్డు పాతికో వంతుకు పడిపోతుంది. అందుకే "సైలెన్సర్ మారిస్తే మైలేజీ పెరుగుతుంది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

టర్బో ఇంజన్ సంగతి కొంచెం వేరు. అందులో పొగ దారిలో ఉండే టర్బైన్ అనే చక్రం తిరిగి ఇంజన్‌లోకి అదనంగా గాలిని నెడుతుంది. టర్బైన్‌కి ముందు, వెనక ఒత్తిళ్ల తేడాతోనే అది తిరుగుతుంది. వెనక ఒత్తిడి తగ్గితే టర్బో తొందరగా అందుకుంటుంది, కాబట్టి అక్కడ ఫలితం కాస్త ఎక్కువ కనిపిస్తుంది.

డబ్బా లోపల ఏముంటుంది

శబ్దమనేది ఒత్తిడి అల, పొగ అనేది ప్రవాహం. సైలెన్సర్ పని అలను ఆపి ప్రవాహాన్ని వదలడం. డిజైన్‌లన్నీ ఈ రెంటినీ వేరు చేయడంలో ఎవరి తంటా వాళ్లు పడినవే.

మొదటిది అరల రకం. డబ్బాను రేకులతో మూడు నాలుగు గదులుగా విడగొట్టి, పైపులను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అటూ ఇటూ తిప్పుతారు. అల గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చి, తర్వాత వచ్చే అలను చంపుతుంది. కంపెనీ కార్లలో ఎక్కువ ఇదే. గట్టిగా ఉంటుంది, ఏళ్ల తరబడి శబ్దం మారదు. కానీ పొగ ప్రతి మలుపులో వేగం పోగొట్టుకుని మళ్లీ అందుకోవాలి, అక్కడే ఒత్తిడి నష్టం.

రెండోది తిన్నగా దూసుకుపోయే రకం. నిలువునా ఒకటే పైపు, దానికి వందల చిల్లులు, చుట్టూ గాజు పీచో స్టీలు పీచో కూరిన డబ్బా. గృహప్రవేశం నాడు ఖాళీ ఇంట్లో మాట గింగిరాలు తిరుగుతుంది, పరుపులూ బట్టలూ చేరాక తిరగదు. ఈ పీచు చేసే పనీ అదే. పొగకు దాదాపు అడ్డుండదు. లోపం రెండు చోట్ల ఉంది. సన్నటి కీచు శబ్దాలను మింగినంత బాగా బొంగురు శబ్దాలను మింగలేదు. పైగా పీచు కొన్నేళ్లలో మాడి, చిల్లుల్లోంచి ఎగిరిపోయి, డబ్బా గుల్లవుతుంది. బిగించిన కొత్తలో ముద్దుగా ఉన్న శబ్దం మూడో ఏడుకు పక్కింటివాళ్లతో గొడవ అవుతుంది.

ఈ రెంటికీ నడుమ 'ఎస్' ఆకారంలో మూడు చిల్లుల పైపులు తిరిగే రకం ఉంది, టర్బో మఫ్లర్ అంటారు. దీనికీ మీ కారులో టర్బో ఉందా లేదా అన్నదానికీ సంబంధం లేదు. 1960లలో అమెరికాలో షెవర్లే కోర్వెయిర్ టర్బో మోడల్‌కి వచ్చిన సైలెన్సర్‌ని కుర్రకారు విప్పి తమ కార్లకు పెట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడింది.

ఇక రెజొనేటర్. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే ఒకే ఒక్క స్వరం వస్తుంది కదా. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఆ సూత్రాన్ని లెక్కకట్టాడు. పొగ దారికి పక్కగా అలాంటి ఒక గదిని తగిలిస్తే సరిగ్గా ఆ స్వరం దగ్గర శబ్దాన్ని అది లాగేసుకుంటుంది. పొగ దాని గుండా వెళ్లదు కాబట్టి ప్రవాహానికి నష్టం లేదు. నా అనుభవంలో ఎక్కువమంది అనవసరమని కోసి పారేసేది దీన్నే, తర్వాత బాధపడేదీ దీని గురించే.

నాలుగు సిలిండర్ల ఇంజన్ 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80 సార్లు పేలుతుంది. ఆ 80 హెర్ట్జ్ హోరు హైవే మీద గంటల తరబడి తల వాచేలా మోగుతుంది. పీచు దాన్ని ఆపలేదు, రెజొనేటరే దిక్కు.

ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ అవసరమా?

"బ్యాక్ ప్రెషర్ పోతే కింద పికప్ చచ్చిపోతుంది" అని ప్రతి గ్యారేజీలోనూ వింటాం. పూర్తిగా అబద్ధమని కొట్టేయలేం, కానీ కారణం తప్పు చెబుతారు. ఎదురు ఒత్తిడి వల్ల ఇంజన్‌కి ఏ మేలూ లేదు. మేలు చేసేది పొగ వేగం. ఒక సిలిండర్ నుంచి దూసుకెళ్లిన పొగ వెనక కాస్త వెలితి ఏర్పడుతుంది, గాలి వచ్చే వాల్వూ, పొగ పోయే వాల్వూ ఒక్క క్షణం కలిసి తెరుచుకున్నప్పుడు ఆ వెలితి మిగిలిన పొగను లాగి కొత్త గాలిని రప్పిస్తుంది. పైపు మరీ లావైతే ఆ ఊపు చెదిరిపోతుంది. అయితే ఇది ప్రధానంగా మానిఫోల్డ్ పైపుల పొడవు, లావులతో ముడిపడిన విషయం. క్యాట్ దాటి, ఫ్లెక్సిబుల్ దాటి, రెండు మీటర్ల అవతల ఉన్న డబ్బాకి అందులో వాటా తక్కువ.

1. చెవితో, చేత్తో మొదలుపెట్టండి

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్న పొద్దున్న, ఆరుబయట ఈ పని చేయండి. మూసిన షెడ్డులో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కళ్లు తిరిగేదాకా తెలియదు. కారును జాకీ మీద మాత్రమే ఉంచి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

ఇంజన్ ఆపి ఉండగానే డబ్బాను రబ్బరు సుత్తితో తట్టండి. లోపల గలగలమంటే రేకు విరిగింది. విరిగిన రేకు పైపు మూతికి అడ్డం పడితే అదే పెద్ద బిరడా. క్యాట్‌ని అరచేత్తో చరచండి. గులకరాళ్ల శబ్దం వస్తే లోపలి పింగాణీ ముక్కలైంది.

తర్వాత పైపును తల నుంచి తోక దాకా తడమండి. స్పీడ్ బ్రేకర్లకు కొట్టుకుని మధ్య పైపు అడుగున సొట్టపడటం మన రోడ్ల మీద మామూలు. వంపులు కూడా చూడండి. సరైన వంపులో పైపు గుండ్రంగానే ఉంటుంది, చవక మిషన్ మీద వంచినది మడత దగ్గర నొక్కుకుపోతుంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో వెనక పైపు మూతిని రెండు మూడు సెకన్లు మూయండి. ఎక్కడైనా బుస్సుమంటే అక్కడ లీకు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి పెట్రోలు ఎక్కువ తక్కువలు ఇంజన్‌కి చెప్పే ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది, ఇంజన్ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోవడానికి సైలెన్సర్ సైజు కంటే ఇలాంటి చిన్న చిల్లే ఎక్కువసార్లు కారణం.

పొద్దున్నే పైపులోంచి నీళ్లు కారుతున్నాయని కంగారుపడకండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇల్లు, బడి, మార్కెట్ అంటూ రెండు కిలోమీటర్ల తిరుగుళ్లే అయితే ఆ నీరు ఆవిరి కాక డబ్బాలోనే ఉండి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. డబ్బా అడుగున ఉండే సూది బెజ్జం అందుకే. దాన్ని లీకనుకుని వెల్డింగ్ పెట్టించేవాళ్లున్నారు, వద్దు.

వరదలో మునిగిన కారైతే ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ వీధుల్లోకి వచ్చినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. అలాంటి కారు కొంటున్నా, బాగుచేయిస్తున్నా సైలెన్సర్‌ని విప్పించి, పక్కకు ఒంపి చూడండి. అరల్లో ఎండిన బురదను ఏ గాలీ బయటికి నెట్టలేదు.

2. గేజి పెట్టి కొలవండి

కొందరు ఈ మెట్టు దాటేసి నేరుగా షాపుకి వెళ్తారు. నేనూ అలాగే వెళ్లాను.

కావలసింది 0 నుంచి 10 పీఎస్‌ఐ చూపే చిన్న గేజి. టైరు గేజి పనికిరాదు, దాని ముల్లు ఈ ఒత్తిడికి కదలదు. చల్లటి ఇంజన్ మీద క్యాట్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో గేజి నాజిల్ బిగించాలి. మర సాధారణంగా 18 మిల్లీమీటర్లది. గేజికీ నాజిల్‌కీ మధ్య రెండడుగుల రాగి గొట్టం పెట్టండి, లేకపోతే రబ్బరు కరిగిపోతుంది. సెన్సర్ లేనందుకు ఇంజన్ లైటు వెలగవచ్చు, తర్వాత స్కానర్‌తో తీసేయవచ్చు.

ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ లోపు, 2500 ఆర్‌పీఎం దగ్గర మూడు లోపు ఉంటే దారి బాగానే ఉన్నట్టు. అంతకు మించితే ఎక్కడో అడ్డుంది.

గేజి దొరకకపోతే, టర్బో లేని పెట్రోలు ఇంజన్‌కి పాత కాలపు వాక్యూమ్ గేజి పద్ధతి ఉంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే వైపున్న ఇంటేక్ మానిఫోల్డ్ గొట్టానికి తగిలించి 2500 దగ్గర అలాగే పట్టుకోండి. ముల్లు నిలకడగా ఉండాలి. నిమిషంలో మెల్లమెల్లగా దిగిపోతుంటే పొగ వెనక పేరుకుంటోంది.

3. అడ్డు ఎక్కడుందో విడదీయండి

ఇంజన్ చల్లారాక క్యాట్ తర్వాతి ఫ్లాంజ్ (రెండు పైపుల మూతులు కలిసే అంచు) బోల్టులు వదులు చేసి, పైపును కొంచెం దూరం జరిపి, మళ్లీ కొలవండి. మోత భయంకరంగా ఉంటుంది, పొరుగువారికి ముందే చెప్పండి. ఒత్తిడి పడిపోతే అడ్డు వెనక ఉంది. పడకపోతే క్యాటే మూసుకుపోయింది. అలాంటప్పుడు కొత్త క్యాట్ వేయించాలి గానీ, తీయించేసి ఖాళీ పైపు పెట్టించకండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కార్లలో క్యాట్ తర్వాత కూడా ఒక సెన్సర్ కాపలా ఉంటుంది. ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్ష పోతుంది, పిల్లలు పీల్చే గాలి సంగతి సరేసరి. క్యాట్ ఎందుకు చెడిందో కూడా చూసుకోండి. మిస్‌ఫైర్ అవుతున్న ప్లగ్ ఉంటే కొత్త క్యాట్ కూడా కరిగిపోతుంది.

అడ్డు వెనక ఉంటే మధ్య పైపుకూ డబ్బాకూ నడుమ జాయింట్ దగ్గర ఇదే పని మళ్లీ చేయండి. నా కారులో డబ్బా విప్పేసినా ముల్లు దిగలేదు. మధ్య పైపు కింద, వేడి పైకి తగలకుండా పెట్టిన రేకు చాటున, అరచేయంత సొట్ట దొరికింది. పైపు అక్కడ పకోడీల పొట్లంలా నొక్కుకుపోయి ఉంది. నేను రెండు సైలెన్సర్లు మార్చి మార్చి పరీక్షించినా తేడా రాకపోవడం వింతేమీ కాదు.

4. మార్చక తప్పకపోతే ఏది ఎంచుకోవాలి

1.2 లీటర్ల టర్బో లేని ఇంజన్‌కి లోపలి వ్యాసం 42 నుంచి 48 మిల్లీమీటర్లు చాలు. టర్బో ఉంటే 51 దాకా వెళ్లవచ్చు. కంపెనీ పైపు కంటే ఒక సైజు మించి పెంచకండి. డబ్బా విషయంలో పరిమాణమే ముఖ్యం. పొడవైన, పెద్ద డబ్బా ప్రవాహాన్ని ఆపకుండానే శబ్దం తగ్గించగలదు. చిన్న డబ్బా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

లోహం కూడా చూడండి. అయస్కాంతం అంటుకుంటే 409 రకం స్టెయిన్‌లెస్సో, అల్యూమినియం పూత ఇనుమో అయి ఉంటుంది. 304 రకానికి దాదాపు అంటదు. విశాఖ, కాకినాడల్లాంటి ఉప్పుగాలి ఊళ్లలో 304కి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు.

చట్టం మాట కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద ప్రమాణాలు మీరిన బండికి మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. లైసెన్సు మూడు నెలలు పోతుంది. మీ కారు మోడల్‌కి తయారైన సైలెన్సర్ కొనడమే నిశ్చింత.

5. బిగింపు, ఆ తర్వాత పరీక్ష

గ్యాస్కెట్లు కొత్తవి వేయించండి, పాతవి మళ్లీ కూర్చోవు. రబ్బరు హ్యాంగర్లు సాగిపోయి ఉంటే అవీ మార్చండి. ముందు అన్ని జాయింట్లూ వదులుగా పెట్టి, పైపు ఎక్కడా ఇరుసుకు, పెట్రోలు ట్యాంకుకు తగలడం లేదని చూసుకున్నాకే బిగించాలి. వేడికి పైపు సాగుతుంది, కాబట్టి చుట్టూ ఒక వేలు చోటు వదలండి. వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ తీగ తీయించండి. వెల్డింగ్ తర్వాత పైపు లోపలికి బొట్లు బొట్లుగా లోహం పొడుచుకొచ్చిందేమో వేలుపెట్టి చూడండి. పొగకు అదీ ఒక అడ్డే.

పరీక్ష చెవితో చేయకండి. మోత పెరిగితే వేగం పెరిగినట్టు మన మనసే మనల్ని మోసం చేస్తుంది. అదే రోడ్డు, అదే పెట్రోలు మట్టం, అదే మనుషులు, అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు, మూడో గేర్లో 40 నుంచి 80. పక్కన కూర్చున్నవాళ్లు టైము చూడాలి, నడిపేవాళ్లు రోడ్డు చూడాలి. మార్పుకి ముందు తీసిన లెక్క లేకపోతే తర్వాత తీసిన లెక్కకు అర్థం లేదు. తర్వాత ఐదో గేర్లో 80 దగ్గర పది నిమిషాలు నడిపి, హోరు ఉందో లేదో వినండి.

నా సంగతంటారా, సొట్టపడిన ముక్క కోయించి రెండడుగుల కొత్త పైపు వేయించాను. కంపెనీ సైలెన్సర్, రెజొనేటర్ అలాగే ఉంచాను. గేజి ముల్లు సగానికి పైగా దిగింది, స్టాప్‌వాచ్‌లో ఈసారి తేడా స్పష్టంగా కనిపించింది. లావు సైలెన్సర్ అటక మీద ఉంది. మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు మా ఆవిడ నందిగామ దగ్గర కునుకు తీసి సూర్యాపేటలో లేచింది.